మా బావ బొటనవేలు

మా బావకి నేను పెట్టిన పేరు కత్తెర. ఆయన నాకు పెట్టిన పేరు రెండో బ్రేకు. రెండు పేర్లూ ఊరికే రాలేదు. ఆయన కటింగ్ షాపు నడుపుతాడు, నేను డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాను. నేర్చుకునేవాళ్లు స్టీరింగ్ పట్టుకుంటే, పక్క సీట్లో నా కాలి కింద ఇంకో బ్రేకు ఉంటుంది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా దాన్ని తొక్కుతూ, అరుస్తూ, మళ్లీ తొక్కుతూ ఉంటాను. అందుకేనేమో, ఆదివారం డ్రమ్స్ ముందు కూర్చున్నానంటే బ్రేకన్న మాటే మర్చిపోతాను.

ఇది మా కత్తెర బేస్ గిటార్ పట్టుకుని బ్యాండులో తన చోటు కాపాడుకున్న కథ. ఎవరికైనా చెప్పేటప్పుడు నేను కుదురుగా కూర్చుని చెప్పలేను, లేచి చేతులూపుతూ తిరుగుతాను. రాయాలంటే కూర్చోక తప్పదు కాబట్టి కూర్చున్నాను గానీ, బల్ల కింద కాలు మాత్రం ఆడుతూనే ఉంది.

ముందు మనిషి ఎలాంటివాడో చెప్తాను. మా బావ సన్నగా, పొడుగ్గా ఉంటాడు. అందరి జుట్టూ సరిచేసే మనిషికి తన జుట్టు చూసుకునే తీరిక ఉండదు, మా అక్కే గుర్తొచ్చినప్పుడు పట్టుకుని కత్తిరిస్తుంది. షాపులో రెండు కుర్చీలు, గోడ పొడుగునా అద్దం, తువ్వాళ్లకి ఆవిరి పట్టే డబ్బా. వెనక తెర కట్టి, ఆ పక్కన అక్క ఆడవాళ్ల జుట్టు పని చూస్తుంది. బావ ఎవరితో మాట్లాడినా అద్దంలోకి చూసే మాట్లాడతాడు. ఎదురుగా నిలబడి పలకరిస్తే తడబడతాడు. "అద్దంలో అయితే మనిషి మొహంతో పాటు నా వెనక ఏం జరుగుతోందో కూడా కనిపిస్తుంది" అంటాడు. మా అక్కని మొదట చూసింది కూడా అద్దంలోనేనట. కుడి ఎడమలు తారుమారై కనపడ్డాయి కాబట్టే మా అక్క నీకు నచ్చిందని నేను ఏడిపిస్తుంటాను.

షాపు గోడకి ఆవల ఒకప్పుడు క్లబ్బు ఉండేది. సాయంత్రాలు అక్కడ పాట మొదలైతే, గోడ దాటి బావ దాకా వచ్చేది బేస్ ఒక్కటే. రావడమంటే చెవికి కాదు. కుర్చీ చేతుల్లోంచి, నేలలోంచి, పట్టుకున్న కత్తెరలోంచి వచ్చేది. "పైన అందరూ ఎగురుతుంటే, కింద ఒక మనిషి నేలని పట్టుకుని ఉన్నట్టుందే" అన్నాడట అక్కతో. క్లబ్బు మూతపడ్డప్పుడు అక్కడ వాయించేవాళ్లు పాత సామాను పంచుకుని, మిగిలిపోయిన బేస్ గిటార్ని ఈయన చేతిలో పెట్టి వెళ్లారు. నాలుగు లావుపాటి తీగలు, గీతలు పడ్డ చెక్క. అప్పటికే బావకి చెవుల దగ్గర జుట్టు నెరుస్తోంది. ఆ వయసులో మొదలుపెట్టి, మధ్యాహ్నాలు షాపు ఖాళీగా ఉన్నప్పుడు తనంతట తానే నేర్చుకున్నాడు. రెండు చేతులూ తీగల మీద ఉన్నంతసేపూ ఆయన మొహంలో ఒక నవ్వు ఉంటుంది. అది మా అక్కకి కూడా ఎప్పుడూ దక్కని నవ్వు.

మా బ్యాండులో నలుగురం. పాటలు కట్టేదీ, పాడేదీ, అందర్నీ నడిపేదీ మందుల షాపాయన, ఆయన్ని మాస్టారూ అంటాం. గిటార్ వాయించేది తాళాలు బాగుచేసే ఆయన, నోరు విప్పడు. బేస్ మా బావ, డ్రమ్స్ నేను. నేను బావా బావా అనడం విని మిగతావాళ్లూ అదే పిలుపు అందుకున్నారు, వయసులో పెద్దవాడైన మాస్టారితో సహా. ఆదివారాలు మా డ్రైవింగ్ స్కూల్ షెడ్డులోంచి కార్లు బయటికి తీసి అక్కడే ప్రాక్టీసు చేస్తాం.

ఈ మధ్య మాస్టారు ఒక కొత్త పాట కట్టారు. మేం దానికి పరుగు పాట అని పేరు పెట్టుకున్నాం. జనం డాన్సు చెయ్యడానికే కట్టిన పాట, మొదలైందంటే ఆగదు. గిటార్‌కి మధ్యలో విరామం ఉంది, పాడేవాడికి ఊపిరి తీసుకునే చోటుంది. బేస్‌కి ఏమీ లేదు. ఒకే వరుస, గుర్రం పరుగులా, మొదటి నుంచి చివరి దాకా లాగాలి. బస్ డిపో వాళ్ల వార్షికోత్సవానికి మమ్మల్ని పిలిచారు. కార్యక్రమాన్ని ఆ పాటతోనే ముగించాలని మాస్టారి పంతం.

చిక్కల్లా ఏమిటంటే, పాట సగంలోకి వచ్చేసరికి మా బావ చేయి చచ్చుబడేది. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు ఒకదాని వెనక ఒకటి తీగని లాగాలి, నడిచే కాళ్లలా. మొదట్లో చక్కగా నడిచేవి. ఆ తర్వాత ముంజేయి బిగుసుకునేది, వేళ్లు కర్రల్లా అయిపోయేవి, పరిగెత్తాల్సిన బేస్ కుంటడం మొదలుపెట్టేది. బావ మొహం కందిపోయేది. అది చూస్తూ కూడా నేను వేగం తగ్గించేదాన్ని కాదు. చెప్పానుగా, అక్కడ నాకు బ్రేకు ఉండదు.

ఒక ఆదివారం మాస్టారు పాట మధ్యలో చేయెత్తి ఆపేశారు.

"బావగారూ, ఏమీ అనుకోకండి. ఇది డాన్సు పాట. మీ చేయి ఆగితే అక్కడ జనం కాళ్లు ఆగిపోతాయి. వార్షికోత్సవానికి ఇంకా కొన్ని వారాలున్నాయి. ఆ రోజుకి చివరిదాకా లాక్కురాగలిగితే సరే. లేదంటే ఇంకొకాయన్ని చూసుకుంటాను. ఆ ఒక్క పాటకని కాదు, బ్యాండుకే."

నేను ఒంటికాలి మీద లేచాను. "అదేం మాట మాస్టారూ! ఇన్నేళ్లుగా వాయిస్తున్న మనిషిని..."

"నువ్వుండవే" అన్నాడు బావ. ఆయన నన్నెప్పుడూ కసరడు. "మాస్టారన్న దాంట్లో తప్పేముంది? పాట చెడగొట్టే హక్కు నాకెక్కడిది?"

గిటార్‌ని గుడ్డతో తుడిచి, సంచిలో పెట్టి, భుజానికి తగిలించుకుని వెళ్లిపోయాడు. మా షెడ్డులో అద్దం లేదు. అందుకని వెళ్తూ ఎవరి మొహమూ చూడలేదు.

మర్నాటి నుంచి మా బావ తన కుడిచేతి మీద యుద్ధం ప్రకటించాడు. పిడికిలితో నొక్కే స్ప్రింగు ఒకటి తెచ్చుకున్నాడు. షాపులో మనుషులు లేనప్పుడల్లా దాన్ని నొక్కుతూ కూర్చునేవాడు. తడి తువ్వాళ్లన్నీ ఆ ఒక్క చేత్తోనే పిండేవాడు. తీగని ఎంత గట్టిగా లాగితే చేతికి అంత బలమొస్తుందని ఆయన నమ్మకం. తీగలు చెక్కకి తగిలి టపటపమని కొట్టుకునేవి. వేళ్ల కొసలకి పొక్కులు లేచేవి. పొక్కు ఆరి, చర్మం గట్టిపడి, అక్కడ కాయ కాయాలి. బేస్ వాయించేవాళ్ల వేళ్లని కాపాడేది అదే. విచిత్రం, మా బావ వేళ్లకి మాత్రం కాయ కాసేది కాదు. పొక్కు తగ్గేది, మళ్లీ పొక్కు లేచేది. రోజులు గడిచిపోతున్నాయి, నాకు పిచ్చెక్కిపోతోంది.

ఒక మధ్యాహ్నం షాపుకి వెళ్లి అక్కనే అడిగాను. "మీ ఆయనది ఏం చర్మమే? ఎంత వాయించినా గట్టిపడదేం?"

అక్క తెర పక్కకి జరిపి తల బయటపెట్టింది. "నీకు తెలీదా? రోజూ సాయంత్రం కూర్చుని గీకేస్తాడుగా."

"ఏం గీకేస్తాడు?"

"ఆ గట్టిపడ్డ తోలంతా. గరుకురాయితో రుద్ది, మిగిలింది బ్లేడుతో తీసేస్తాడు. ఎంత నున్నగా చేస్తాడనుకున్నావ్! నా చేతుల మీద ఏనాడూ అంత శ్రద్ధ పెట్టలేదు."

నేను గిర్రున తిరిగాను. బావ అద్దంలో నన్ను చూసి, దొరికిపోయిన దొంగలా దువ్వెన తుడవడం మొదలుపెట్టాడు.

"బావా! నీకేమైనా మతి పోయిందా? కాయ కాయాలని జనం నెలల తరబడి తీగల మీద వేళ్లు అరగదీసుకుంటారు. నువ్వు పొద్దున కాయించి సాయంత్రం చెక్కేస్తున్నావా?"

"మరేం చెయ్యమంటావ్? మొన్న పోస్టాఫీసాయనకి మొహానికి క్రీము రాస్తుంటే నిద్రలోంచి ఉలిక్కిపడి లేచాడు. గరుకు కాగితం పెట్టి తోముతున్నావేంటయ్యా అన్నాడు. మనిషి కళ్లు మూసుకుని మొహం నా చేతికి అప్పజెప్తాడే. ఆ చేయి మెత్తగా లేకపోతే ఇంకెందుకు?"

ఆయన అన్నది నిజమే. అన్నం పెట్టే పనికి మెత్తటి వేళ్లు కావాలి. ప్రాణం పెట్టే పనికి మొరటు వేళ్లు కావాలి. ఉన్నవేమో అవే వేళ్లు. నాకు కోపం, ఏడుపు రెండూ కలిసి వచ్చాయి. పక్క కుర్చీలో కూలబడ్డాను.

అప్పుడే ఏదో ఆఫీసు గుమాస్తా కటింగ్‌కి వచ్చాడు. బావ ఆయన మెడకి గుడ్డ కట్టి కత్తెర అందుకున్నాడు. చిక్ చిక్ చిక్ చిక్. ఆ చప్పుడు వినీ వినీ నాకు వినిపించడమే మానేసి ఎన్నో ఏళ్లయింది. ఆ రోజు కోపంలో ఉన్నాను కాబట్టి ఏదో ఒకదాన్ని మిర్రి మిర్రి చూడాలి, అద్దంలో ఆయన కుడిచేతిని చూశాను. జుట్టు మీద ఉన్నప్పుడు కత్తెర ఆడుతోంది. జుట్టు వదిలి పైకి లేచినప్పుడూ ఆడుతోంది. దువ్వెన ఇంకో పాయ ఎత్తేదాకా గాలిలో ఊరికే చిక్ చిక్ చిక్ అంటూనే ఉంది. ఒక్క క్షణం ఆగడం లేదు. నా కాలు తనంతట తానే నేల మీద తాళం వెయ్యడం మొదలెట్టింది. వేస్తూ వేస్తూ నేను బిగుసుకుపోయాను. అది పరుగు పాట వేగం! అచ్చంగా అదే!

ముందుకి వంగి చూశాను. నాలుగు వేళ్లు కత్తెరని పట్టుకుని కదలకుండా ఉన్నాయి. కదులుతున్నది ఒక్క బొటనవేలు. మూస్తోంది, తెరుస్తోంది, మూస్తోంది, తెరుస్తోంది. ముంజేయి మెత్తగా ఉంది. భుజం నిద్రపోతోంది.

"బావా, ఆ వేలు నొప్పెట్టదా?"

"ఏ వేలు?"

"బొటనవేలు!"

"ఎందుకు నొప్పెడుతుంది?" అన్నాడు, నేనేదో పిచ్చి ప్రశ్న వేసినట్టు. "రోజంతా ఆడేదేగా."

"మరి జుట్టు లేనిచోట ఎందుకాడిస్తావ్?"

"అది గాలి కత్తెర. ఆపి మళ్లీ మొదలెడితే చేయి తడబడుతుంది, జుట్టు మెట్లు మెట్లుగా పడుతుంది. అందుకని ఆపకూడదు. పనిలేనప్పుడు తేలిగ్గా ఊరికే ఆడిస్తుండాలి. చేతికి అదే విశ్రాంతి."

నేను కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. "ఏదీ, ఆ వేలు చూపించు!" అని కేకేసి చేయి పట్టుకుని లాగాను. పాపం, గుమాస్తా చెవి పక్కన ఒక పాయ అవసరానికి మించి తెగింది. అదెవరికి కావాలి! బొటనవేలి పక్కన, కత్తెర రింగు ఆనే చోట, గవ్వలాంటి కాయ ఉంది. గట్టిగా, నున్నగా, చాలా ఏళ్ల నాటిది.

"దీన్నెందుకు చెక్కెయ్యలేదు?"

"ఇది పనిదే. ఇది లేకపోతే రింగు కోసుకుపోతుంది. పక్కకుంటుంది కాబట్టి ఎవరి మొహానికీ తగలదు."

"బావా! నువ్వు ఇన్నేళ్లుగా బేస్ ప్రాక్టీసు చేస్తూనే ఉన్నావ్! తీగ బదులు జుట్టు మీద చేస్తున్నావ్, అంతే!"

ఆయన అద్దంలో నన్ను చూశాడు. తర్వాత తన బొటనవేలి వంక చూసుకున్నాడు. తర్వాత, నాకు తెలిసి ఎన్నడూ లేనిది, వెనక్కి తిరిగి నా మొహంలోకి సూటిగా చూశాడు. గుమాస్తా "అయ్యా, నా చెవి?" అన్నాడు.

ఆయన్ని ఎలాగో సాగనంపి, బేస్ బయటికి తీశాం. బొటనవేలితో బేస్ వాయించేవాళ్లు ఉన్నారు, కానీ ఎక్కువమంది కిందికి మాత్రమే మీటుతారు. మాకు కావాల్సింది కత్తెర ఆట. మూసుకోవడం ఒక దెబ్బ, తెరుచుకోవడం ఇంకో దెబ్బ. వేలు కిందికి వెళ్తూ తీగని ఒకసారి మీటాలి, పైకి వస్తూ అదే తీగని మళ్లీ మీటాలి. కిందికి వెళ్లేటప్పుడు "ధుమ్" అని చక్కగా పలికింది. పైకి వచ్చేటప్పుడు "కిచ్" అంది. ధుమ్ కిచ్ ధుమ్ కిచ్. తెర వెనక మా అక్క పడీ పడీ నవ్వింది.

"జలుబు చేసిన కప్పని తెచ్చారా ఏంటి షాపులోకి?"

బావ పట్టించుకోలేదు. వేలిని అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ తనలో తాను మాట్లాడుకున్నాడు. "కత్తెర బార్లా తెరుస్తున్నాను. పని నేర్చుకునేటప్పుడు నేనూ ఇలాగే తెరిచేవాణ్ణి. వేగం కావాలంటే కొంచెమే తెరవాలి. వెంట్రుక దూరేంత." ఈసారి వేలిని తీగల్లోకి లోతుగా దించకుండా కాయ ఉన్న అంచుతో తాకి వదిలాడు. రెండు దెబ్బలూ ఒకేలా పలికాయి. మళ్లీ చేశాడు. మళ్లీ పలికాయి. నేను కుర్చీ చేతుల మీద దరువేస్తూ కేకలు పెట్టాను.

అయినా పాత అలవాటు ఒకంతట వదల్లేదు. శబ్దం చిన్నగా ఉందనిపిస్తే చాలు, చేయి బిగించి గట్టిగా బాదేవాడు. నేను గిటార్ తగిలించిన ఆంప్ డబ్బా దగ్గరికి వెళ్లి శబ్దం పెంచాను. "బావా, అరవడానికి ఈ డబ్బా ఉంది. నువ్వు ఊరికే చెప్పు, అది అరుస్తుంది" అన్నాను. ఆయన తలూపాడు. "నిజమే. కత్తెర పదునుగా ఉంటే చేత్తో నొక్కక్కర్లేదుగా." ఆ రోజే స్ప్రింగుని తీసి తువ్వాళ్ల డబ్బా వెనక పడేశాడు.

ఆ వారాలు ఎలా గడిచాయో తలుచుకుంటే ఇప్పటికీ నాకు కాలు నిలవదు. డ్రైవింగ్ పాఠం అవగానే షాపుకి పరిగెత్తేదాన్ని. నెమ్మదిగా మొదలుపెట్టేవాళ్లం. ముంజేయి మెత్తగా ఉన్నంతవరకే వేగం పెంచేవాడు, నేను ఎంత తొందరపెట్టినా వినేవాడు కాదు. చేయి బిగుస్తున్నట్టు అనిపిస్తే ఆగేవాడు కాదు, గాలి కత్తెరలోకి దిగేవాడు. అరచేతి అంచు తీగల మీద ఆనిస్తే స్వరం చచ్చి, ఒట్టి చిక్ చిక్ చిక్ మిగిలేది. బొటనవేలు మాత్రం అదే వేగంలో తేలిగ్గా ఆడుతుండేది. చేయి సర్దుకోగానే అరచేయి ఎత్తేవాడు, బేస్ మళ్లీ గర్జించేది. ఆ గర్జన విన్నప్పుడల్లా తెర వెనక అక్క దగ్గరికి వచ్చినవాళ్లు కుర్చీల్లో కాళ్లాడిస్తున్నారని, తల కుదురుగా పెట్టమని చెప్పలేక చస్తున్నానని అక్క గోల పెట్టేది. గోల పెడుతూనే తెర కొంచెం తెరిచి ఉంచేది.

ఆఖరి ఆదివారం షెడ్డులో బావ పరుగు పాటని చివరిదాకా లాక్కొచ్చాడు. నేను కర్రలు పైకెగరేసి పట్టుకున్నాను. తాళాలాయన కూడా పెదవి విప్పి నవ్వాడు. మాస్టారు మాత్రం గడ్డం రుద్దుకున్నారు.

"బాగుంది బావగారూ. కాదనను. కానీ ఇది షెడ్డు. అక్కడ జనం ముందు మీ మరదలు తొక్కే తొక్కుడు వేరు. తెలిసినాయన్ని ఒకర్ని బేస్ గిటార్‌తో సహా రమ్మన్నాను. పక్కనే నిలబడతాడు. మీ చేయి పట్టేస్తే ఆయన అందుకుంటాడు. అందుకున్నాడంటే ఇక ఆయనే, ఏమనుకోకండి."

నేను నోరు తెరిచేలోపు బావ "సరే మాస్టారూ" అనేశాడు.

వార్షికోత్సవం బస్ డిపో వర్క్‌షాపులో పెట్టారు. బస్సుల్ని గోడల వెంబడి నిలబెట్టి మధ్యలో ఖాళీ చేశారు. గ్రీజు వాసన, పైకప్పు రేకుల సందుల్లోంచి సాయంత్రపు ఎండ. డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు, వాళ్ల పెళ్లాం పిల్లలు, ఇసకేస్తే రాలనంత జనం. మా కోసం చెక్క పలకలతో వేదిక కట్టారు. దాని పక్కనే ఒక బస్సు. ఆ బస్సు తలుపుకి ఆనుకుని నీలం చొక్కా తొడుక్కున్న ఒకాయన నిలబడ్డాడు, భుజాన బేస్ ఉంది. మాస్టారు రమ్మన్న మనిషి ఆయనే.

బావ ఆయన వైపు చూడనే లేదు. వేదిక మీద అటు రెండడుగులు, ఇటు రెండడుగులు వేసి, ఆ బస్సు దగ్గర ఒక మూలకి వెళ్లి నిలబడ్డాడు.

"అక్కడేంటి బావా, ఇటు మధ్యలోకి రా!"

ఆయన బస్సు పక్కద్దం వైపు వేలు చూపించాడు. "ఇక్కడైతే నువ్వు కనిపిస్తావ్."

మిగతా పాటలు ఎలా అయ్యాయో నాకు గుర్తులేదు. పరుగు పాట వచ్చింది. నేను కర్రలు కొట్టి మొదలుపెట్టాను, బావ బొటనవేలు అందుకుంది. అంతే! జనం లేచారు. కూర్చున్న ముసలివాళ్లు కూడా లేచారు. బస్సుల కిటికీ అద్దాలు బేస్‌కి గలగలలాడుతున్నాయి. చెక్క పలకల్లోంచి, నా స్టూలు కాళ్లలోంచి ఆ ధ్వని పైకి పాకుతోంది. పాట సగానికి వచ్చింది. మునుపు బావ చేయి చచ్చుబడిన చోటు అది. నేను బావ చేతివైపు చూశాను. బొటనవేలు ఆడుతోంది. ముంజేయి మెత్తగా ఉంది. భుజం నిద్రపోతోంది!

ఆ సంతోషం పట్టలేక నేను ఇంకా వేగం పెంచాను. బావ నాతో వచ్చాడు. మళ్లీ పెంచాను. మళ్లీ వచ్చాడు. ప్రపంచంలో ఇంతకు మించిన సుఖం ఇంకోటి లేదనిపించిన ఆ క్షణంలో, నా కుడి ముంజేయిలో ఎవరో తాడు మెలిపెట్టినట్టయింది. వేళ్లు కొయ్యబారిపోయాయి. కర్ర చేతిలోంచి జారి పలకల మీద దొర్లిపోయింది.

డ్రమ్స్ ఆగాయి. తాళాలాయన కంగారుపడి గిటార్ ఆపేశాడు. మాస్టారి గొంతు సగం మాటలో నిలిచిపోయింది. నేను తలెత్తాను. బస్సు అద్దంలో బావ కళ్లు నన్నే చూస్తున్నాయి. ఆయన అరచేయి మెల్లగా తీగల మీద వాలింది.

చిక్ చిక్ చిక్ చిక్.

అంత పెద్ద వర్క్‌షాపులో ఆ చప్పుడు ఒక్కటే మిగిలింది. బేస్ స్వరం పోయేసరికి ఈయన పని అయిపోయిందనుకుని నీలం చొక్కాయన గిటార్ సర్దుకుని వేదిక మెట్టు మీద కాలు పెట్టాడు. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు. ఆయనకి వినిపించింది. చప్పుడు చిన్నదైంది గానీ వేగం వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. ముందు వరసలో ఒక డ్రైవరు దానికి చప్పట్లు కలిపాడు. పక్కనున్న కండక్టరు కలిపాడు. చూస్తుండగానే డిపో మొత్తం చప్పట్లు కొడుతోంది, అందరూ మా బావ కత్తెరకి తాళం వేస్తున్నారు!

"బిగించకు మరదలా!" అన్నాడు బావ అద్దంలోంచే. "వదిలెయ్. గాలి కత్తెర!"

నేను కుడిచేతిని పక్కకి వేలాడేశాను. ఎడమచేతి కర్రతో డ్రమ్ము అంచుని ఊరికే తాకాను. చిక్ చిక్. ఆయన చప్పుడు, నా చప్పుడు ఒక్కటయ్యాయి. చేతిలో మెలి కొంచెం కొంచెంగా విడిపోయింది. తాళాలాయన వంగి, కింద పడ్డ కర్ర తీసి నా చేతికిచ్చాడు. నేను అద్దంలోకి చూసి తలూపాను. బావ అరచేయి ఎత్తాడు.

బేస్ ఒక్కసారి గర్జించింది. నేను దూకాను, గిటార్ దూకింది, మాస్టారు గొంతు చించుకుని అందుకున్నారు. చివరిదాకా పరిగెత్తాం. ఆఖరి దెబ్బ కొట్టాక జనం అరుపులకి రేకులు ఊగాయి. నేను ఏడుస్తున్నానని మా అక్క వచ్చి కొంగుతో తుడిచేదాకా నాకు తెలీదు.

మాస్టారు చెమటలు కక్కుతూ బావ దగ్గరికి వచ్చారు. "బావగారూ, ఆ చిక్ చిక్ చిక్ పాటలో లేదే?"

"లేదు మాస్టారూ."

"ఇకనుంచి ఉంటుంది" అన్నారు మాస్టారు. తర్వాత నా వైపు తిరిగారు. "చేయి పట్టేసింది నీకా? అయితే డ్రమ్స్‌కి ఇంకొకర్ని చూడాల్సిందే."

నవ్వుతూనే అన్నారు. కానీ మా బావ నవ్వలేదు. అద్దం కోసం వెతక్కుండా మాస్టారి కళ్లలోకి చూశాడు. "చూసుకోండి మాస్టారూ. బేస్‌కి కూడా చూసుకోండి. మా మరదలు లేనిచోట నేను వాయించను."

"అబ్బెబ్బే, ఊరికే అన్నానయ్యా!" అన్నారు మాస్టారు గాభరాగా.

మర్నాడు పొద్దున నేను షాపుకి వెళ్లేసరికి మొదటి కుర్చీలో నీలం చొక్కాయన కూర్చుని ఉన్నాడు. కటింగ్‌కి వచ్చానన్నాడు గానీ కళ్లు జుట్టు మీద లేవు. అద్దంలో మా బావ బొటనవేలిని గుడ్లప్పగించి చూస్తున్నాడు. "తల కదపకండి" అని బావ ఎన్నిసార్లు చెప్పినా తల ఆ వేలి వెంటే తిరుగుతోంది.

బావ నన్ను రెండో కుర్చీలో కూర్చోబెట్టి, ముంజేతికి వేడి తువ్వాలు చుట్టాడు. అది చల్లారాక సొరుగులోంచి ఒక పాత కత్తెర తీసి నా చేతిలో పెట్టాడు.

"దేన్నీ కత్తిరించకు. ఊరికే ఆడించు."

నేను కసిగా పట్టుకుని మొదలుపెట్టాను. ఆయన నా భుజం మీద వేలితో తట్టాడు. "దీన్ని నిద్రపొమ్మను." భుజం వదిలేశాను. బావ మొదటి కుర్చీ వైపు తిరిగి తన కత్తెర అందుకున్నాడు. చిక్ చిక్ చిక్. తెర వెనక నుంచి అక్క, "జాగ్రత్త, దాని చేతికి కత్తెరిచ్చి దానికి వీపు చూపిస్తున్నావ్!" అంది.

అద్దంలో మా బావ బొటనవేలు, నా బొటనవేలు పక్కపక్కనే ఆడుతున్నాయి. రెండూ ఒకే వేగంలో పడ్డాయి. ఆ చప్పుడు వింటుంటే నాకు మళ్లీ ఆనందం తన్నుకొచ్చింది, అలవాటు కొద్దీ వేగం పెంచాను. బావ తన కత్తెర ఆపలేదు. అద్దంలోంచి నావైపు చూసి, కుడికాలితో నేల మీద మెల్లగా బ్రేకు తొక్కాడు.

నేను వేగం తగ్గించాను.